అమ్మానాన్నల్ని టోక్యోకి ఎప్పుడు రప్పించాలి? సకురా చెర్రీ పూలకా, పసుపెక్కే గింకో ఆకులకా?

నిషికసాయి_బాబు:
మాది తెనాలి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాన్నకి కాస్త ఆస్తమా. ఇద్దరూ ఇంతవరకు విమానం ఎక్కలేదు. వస్తే ఒక్కసారే, మూడు వారాలు. మా ఆవిడ సకురా టైమే అంటోంది, నేను గింకో ఆకులు పండే నవంబరు ఆఖరు అంటున్నాను. నెల రోజులుగా ఇంట్లో ఇదే పంచాయితీ. "ఎప్పుడొచ్చినా బాగుంటుంది" అని మాత్రం చెప్పకండి, ఆ మాట మా అత్తగారు ఇప్పటికే చెప్పేశారు.

ఫునాబోరి_శ్రావణి:
ఇందులో చర్చ ఏముందండీ? సకురానే. ఉఎనో పార్కులో పొద్దున్నే ఒక కుర్ర ఉద్యోగి నీలం పట్టా పరిచి, సాయంత్రం వచ్చే ఆఫీసు వాళ్ళ కోసం ఒక్కడే కాపలా కూర్చుంటాడు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టే! అంత దూరం వద్దనుకుంటే ఫునాబోరి దగ్గర షింకావా కాలువ గట్టు ఉంది. వరసగా సకురా చెట్లే, అమ్మగారు మెల్లగా నడవచ్చు. 2025లో టోక్యోలో పూలు నిండుగా విరిశాయని ప్రకటించిన రోజే మన ఉగాది, మార్చి 30. వేపపువ్వు దొరక్క పచ్చడి ఐదు రుచులతోనే కానిచ్చాం గానీ, గట్టు మీద ఆ పూల కింద తిన్న పులిహోర ఇప్పటికీ గుర్తే.

లెక్కల_మాస్టారు:
శ్రావణి గారూ, ఆ 30వ తేదీ మీకు కలిసొచ్చింది. అందరికీ రాదు. యాసుకుని మందిరంలో ఒక చెట్టుంది. దానికి ఐదారు పూలు విచ్చుకుంటే వాతావరణ శాఖ వాళ్ళు పూత మొదలైందంటారు. ఆ రోజు 2023లో మార్చి 14, 2024లో మార్చి 29, 2025లో మార్చి 24. రెండు వారాల తేడా! నిండుగా విరియడానికి ఇంకో వారం. ఆపైన ఒక్క గాలివాన పడిందంటే రేకులు రోడ్డు మీద, ఆకులు చెట్టు మీద. టికెట్లు ముందే కొనుక్కునేవాళ్ళు ఏ తేదీకి కొనాలి?

ఫునాబోరి_శ్రావణి:
మూడు వారాలు ఉంటారంటున్నారుగా మాస్టారూ! మార్చి 20న దిగితే మీరు చెప్పిన మూడేళ్ళలో ఏ ఏడాదైనా పూలు దొరికేవే.

లెక్కల_మాస్టారు:
సరే, ఆ లెక్కలో ఓడిపోయాను. మరి ఆస్తమా సంగతి? ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సుగి (జపాన్ దేవదారు) చెట్ల పుప్పొడి గాలిలోనే ఉంటుంది. వీధిలో ఎటు చూసినా మాస్కులు, తుమ్ములు. నవంబరులో ఆ బెడద ఉండదు. మెయిజీ జింగూ గైయెన్‌లో నాలుగు వరసల్లో 146 గింకో చెట్లు, మొత్తం కలిపి 300 మీటర్ల దారి. మెట్లు లేవు, గుట్టలు లేవు, మోకాళ్ళకి ఇబ్బంది లేదు. ఆ పసుపు రంగు సకురాలా వారానికే మాయమైపోదు.

రాత్రి_షిఫ్ట్:
నవంబరు పార్టీ వాళ్ళు ఒక మాట దాస్తారు. నెలాఖరుకి సూర్యుడు నాలుగున్నరకే దిగిపోతాడు. మా నాన్న మధ్యాహ్నం కునుకు తీసి, లేచి టీ తాగేసరికి బయట చీకటి. మొదటి రోజు గడియారం ఆగిపోయిందనుకున్నారు. ఇంకోటి, ఆడ గింకో చెట్లున్న వీధిలో రాలిన పండ్లు కాలికింద నలిగితే వచ్చే కంపు అంతా ఇంతా కాదు. "ఇంత శుభ్రమైన ఊళ్ళో ఇదేంట్రా" అని అమ్మ ముక్కు మూసుకుంది. పక్కనే ఒక ముసలమ్మ చేతికి గ్లవ్స్ వేసుకుని వాటినే సంచిలోకి ఏరుకుంటోంది. లోపలి గింజలు వేయించుకు తింటారు, చింతపిక్కల్లాగే అనుకోండి.

తెల్ల_గొడుగు:
నాకు ఇక్కడ పన్నెండేళ్ళు. అత్తమామల్ని సకురాకే రప్పించాను. మెగురో నది దగ్గర మా అత్తయ్య చూసింది జనం వీపులే. ఊరెళ్ళాక ఆవిడ చెప్పిన కబుర్లలో పూలు లేనే లేవు. పసుపు టోపీ, ఒంటికంటే పెద్ద సంచీతో మొదటి తరగతి పిల్లలు చెయ్యెత్తి రోడ్డు దాటడం. ముందొకణ్ణి, వెనకొకణ్ణి కూర్చోబెట్టుకుని వానలో సైకిల్ తొక్కే తల్లి. రోజూ సాయంత్రం వీధి స్తంభం మీది మైకులో వచ్చే పాట. మొదటి రోజు అది విని భూకంపం హెచ్చరికేమోనని భయపడింది. నాలుగో రోజు నుంచి అది మోగితే పొయ్యి మీద టీ పెట్టేది.

అందుకే నా మాట వేరు. పూలు రాలాక రప్పించండి. ఏప్రిల్ 8, 9 తేదీలు దాటితే బళ్ళు తెరుచుకుంటాయి, జనం పలచబడతారు, కాలవల్లో రేకులు ఇంకా తేలుతుంటాయి. నెలాఖరుకి చేప బొమ్మల జెండాలు కడతారు. సెలవుల రద్దీ మొదలయ్యేలోపు విమానం ఎక్కించేయండి. నిషికసాయిలో గ్యోసెన్ పార్కు జూకి టికెట్ కూడా లేదు. నాన్నగారి మందులు మాత్రం డాక్టర్ని అడిగి సరిపడా తెచ్చుకోమనండి, పుప్పొడి అప్పటికీ కొంత ఉంటుంది.

నిషికసాయి_బాబు:
అక్కా, మీ పోస్టు చదివి మా ఆవిడ "పూలు లేకుండా ఫోటోలేం తీస్తాం" అంది గానీ, కొంచెం మెత్తబడింది. ఆ ఊపులోనే నాన్నకి ఫోన్ చేశాను. ఏప్రిల్ అనగానే "మామిడికాయలొస్తాయి, ఆవకాయ పెట్టకుండా మీ అమ్మ కదలదు" అన్నారు. పోనీ నవంబరు అంటే వరి కోతలట.

లెక్కల_మాస్టారు:
జూన్‌లో హైడ్రేంజియా పూలు బాగుంటాయి. వానొక్కటే.