ఐదేళ్ళ బాబుకి పంటి పనికి ముందు మత్తు సిరప్: ఎలా సిద్ధం చేయాలి?

పర్లాకిమిడి అమ్మ:
మా బాబుకి కింది పాలపళ్ళు రెండు బాగా పుచ్చిపోయాయి. డాక్టరు అద్దం పెట్టబోతేనే నోరు మూసేస్తాడు. మిడజోలమ్ సిరప్ తాగించి చేస్తామని బరంపురంలో పళ్ళ డాక్టరు గారు అన్నారు. పొద్దున్న తొమ్మిదికి, ఖాళీ కడుపుతో రమ్మన్నారు. మా అత్తగారు చోడి అంబలి పట్టకుండా మనవణ్ణి గుమ్మం దాటనివ్వరు. మావారేమో బస్సులో వెళ్ళొచ్చేద్దాం అంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

సిస్టర్, బరంపురం:
చెల్లీ, అంబలి తాగేదే అయినా తిండి కిందే లెక్క. మామూలుగా తిండికీ పాలకీ 6 గంటలు, మంచినీళ్ళకి 2 గంటల ఎడం ఉండాలి. మీ డాక్టరు వేరేలా చెబితే అదే పాటించండి. మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అత్తగారికి ఈ సంగతి విడమరిచి చెప్పండి. పడుకునే ముందు ఆవిడ చేత్తోనే అంబలి పట్టించండి.

సిరప్ క్లినిక్‌లోనే, అక్కడ బరువు తూచాకే తాగించాలి. ఇంట్లో, దారిలో వద్దు. వేలికి ఆక్సీమీటర్ పెడతారా, ఆక్సిజన్ ఉందా, పని చేసే డాక్టరు కాకుండా బాబుని కనిపెట్టి ఉండడానికి వేరే మనిషి ఉంటారా అని మొహమాటపడకుండా అడగండి. రాత్రి గురక పెట్టినా, ఫిట్స్ మందులు వాడుతున్నా, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ వేస్తున్నా ముందే చెప్పాలి.

తిరుగు ప్రయాణానికి బస్సు వద్దేవద్దు. మగతలో తల ముందుకు వాలిపోతే ఊపిరి ఆడదు. కారు మాట్లాడుకోండి. నడిపేవాళ్ళు కాక ఇంకొకరు పక్కనే కూర్చుని వాడి ముఖం చూస్తూ ఉండాలి. బరంపురంలో చుట్టాలుంటే ఆ రాత్రికి ఉండిపోవడం ఇంకా మేలు.

రాయగడ నుంచి:
మందు చేదుగానే ఉంటుందని బాబుకి ముందే చెప్పండి, తేనె అని నమ్మించొద్దు. పూర్తిగా నిద్రపోతాడనీ అనుకోకండి. కొంతమంది పిల్లలు ఉల్టాగా ఏడ్చి గింజుకుంటారు కూడా. మా పాపకి ఇలాగే మత్తిచ్చినప్పుడు అక్కడి నర్సు ఒడియాలో పిలిస్తే పలకలేదు, నేను తెలుగులో పిలవగానే కళ్ళు తెరిచింది. పిలిస్తే పలుకుతున్నారా లేదా అన్నదాన్ని బట్టే మత్తు ఎంత ఎక్కిందో చూస్తారట. కాబట్టి మీవాడికి ఇంట్లో ఏ పిలుపు అలవాటో వాళ్ళకి చెప్పి ఉంచండి. పని అయ్యాక, చిగురుకి ఇచ్చిన ఇంజెక్షన్ తిమ్మిరి పోయేదాకా పెదవి, చెంప కొరుక్కోకుండా కాపలా కాయాలి. మా పాప చెంప నమలబోతుంటే పట్టుకుని ఆపాం.

పర్లాకిమిడి అమ్మ:
కారే మాట్లాడతాం. కానీ రాత్రి నుంచి బాబుకి ముక్కు కారుతోంది, కొంచెం దగ్గు కూడా. ఇది చెప్పాలా?

సిస్టర్, బరంపురం:
తప్పకుండా చెప్పాలి, ఇప్పుడే ఫోన్ చేయండి. జలుబుతో మత్తిస్తే ఊపిరి ఇబ్బంది రావచ్చు. వాయిదా వేస్తామంటే ఒప్పుకోండి. ఈలోగా పంటి నొప్పి వస్తే ఏం వేయాలో కూడా అదే ఫోన్‌లో అడిగేయండి.