అప్‌డేట్: తాతయ్య పెట్టెలో దొరికిన మెరిసే రాయి గెలీనాయే (సీసపు ఖనిజం)

తాతయ్య అగ్నిగుండాల అనే ఊరి వైపు నుంచి తెచ్చిన బూడిదరంగు రాయి హెమటైటా (ఇనుప ఖనిజం), వెండా అని పోయిన వారం అడిగాను కదా. మీరు చెప్పిన పరీక్షలన్నీ చేశాను.

అయస్కాంతం అంటలేదు. టైల్ వెనక గరుకువైపు గీస్తే సీసపు బూడిదరంగు గీత పడింది. హెమటైట్ అయితే ఎర్రటి గీత రావాలి, కాబట్టి అది కాదు. రాగి తీగతో గీస్తే గాటు పడింది. హెమటైట్ అంత మెత్తగా ఉండదు.

నన్ను ఆశ్చర్యపరిచింది బరువే. రాయి 182 గ్రాములు. తూకం మీద నీళ్ల గిన్నె పెట్టి, రాయిని దారంతో అడుగు తగలకుండా ముంచితే 26 గ్రాములు పెరిగింది. అంటే రాయి 26 ఘన సెంటీమీటర్ల నీటి చోటు ఆక్రమించింది; 182ని 26తో భాగిస్తే సాంద్రత 7.0. గెలీనాకు 7.5 దాకా ఉండాలి. అంచుకు అంటుకున్న తెల్లరాయి వల్లే తగ్గిందనుకుంటున్నాను. వెండి అయితే 10 దాటేది.

మూల చిన్నగా చిట్లితే ముక్కలు కూడా చిన్న ఘనాలుగానే (క్యూబ్‌లు), మెట్లు మెట్లుగా ఊడాయి. ఎంత ముచ్చటగా ఉన్నాయో! గెలీనా చీలేది అలాగే కాబట్టి, సందేహం పూర్తిగా తీరింది.

గెలీనాలో ఉండేది సీసం కాబట్టి పొడి తుడిచి, చేతులు కడుక్కుని, పిల్లలకు అందకుండా గాజు సీసాలో పెట్టాను. ఓపిగ్గా చెప్పిన అందరికీ ధన్యవాదాలు.