ఎల్‌పీఎస్ (ఇన్‌ఫ్లమేషన్ పుట్టించే బ్యాక్టీరియా పొర పదార్థం) ఇచ్చిన చిట్టెలుకల్లో ఫలకాలు (మెదడులో పేరుకునే అమైలాయిడ్ గడ్డలు) ఎందుకు రాలేదు?

అనంతపురం_ఫార్మా:
మగ సీ57 బ్లాక్ 6 చిట్టెలుకలకు కిలో బరువుకు 250 మైక్రోగ్రాముల ఎల్‌పీఎస్, రోజుకోసారి ఏడు రోజులు సూదితో ఉదరకుహరంలోకి ఇచ్చాం. ఎనిమిదో రోజు వాటర్ మేజ్ (నీళ్లలో దాగిన ప్లాట్‌ఫాం వెతికించే జ్ఞాపకశక్తి పరీక్ష) పెడితే ఈతే నెమ్మదిగా ఉంది. ఐబా-1 (మెదడు రక్షణ కణాలైన మైక్రోగ్లియా గుర్తు) బాగా పెరిగింది, ఫలకాలను చూపే థయోఫ్లేవిన్-ఎస్ రంగుకు ఒక్క ఫలకమూ పట్టలేదు. దీన్ని అల్జైమర్స్ మోడల్ అని థీసిస్‌లో రాయొచ్చా అన్నా?

కర్నూలు_న్యూరో:
రాయొద్దు తమ్ముడూ. అది న్యూరోఇన్‌ఫ్లమేషన్ (మెదడులో ఇన్‌ఫ్లమేషన్) మోడల్, అంతవరకే. చిట్టెలుక సొంత అమైలాయిడ్ బీటాలో 5, 10, 13 స్థానాల్లో అమైనో ఆమ్లాలు మనిషివాటికి వేరు. అది అంత తేలిగ్గా పేరుకోదు. ఫలకాలే కావాలంటే 5ఎక్స్‌ఫాడ్ లాంటి జన్యుమార్పిడి చిట్టెలుకలు తెచ్చుకోవాలి. వాటిలో మనిషి ఏపీపీ జన్యువులో (అమైలాయిడ్ దాని ప్రోటీన్ నుంచే వస్తుంది) మూడు, పీఎస్ఈఎన్1 జన్యువులో రెండు మ్యుటేషన్లు ఉంటాయి, రెండో నెలకే ఫలకాలు మొదలవుతాయి. ఆడవాటిలో ఎక్కువ, ఆడా మగా కలిపి సగటు తీయొద్దు. అల్జైమర్స్‌లో కనిపించే టావు ప్రోటీన్ చిక్కులు వాటిలోనూ ఏర్పడవు. ఇంకో ముఖ్యమైన సంగతి: ఎస్‌జేఎల్ అనే చిట్టెలుకల వంశం కలిసినవాటిలో ఆర్‌డీ1 అనే కంటి మ్యుటేషన్ రెండు కాపీలు పడితే చూపు పోతుంది. జీనోటైపింగ్ (జన్యు పరీక్ష) చేయకుండా వాటర్ మేజ్‌లో దించితే గుడ్డితనం మతిమరుపు లెక్కలోకి పోతుంది.

కడప_ల్యాబ్:
ఈత నెమ్మదించడం జబ్బు లక్షణం కావొచ్చు. చివరి సూది పడిన 24 గంటల దాకా ఎలుక ముడుచుకుని ఉంటుంది, మేత తగ్గుతుంది. రోజూ బరువు తూచండి, ఈత వేగం విడిగా చూపండి, ప్లాట్‌ఫాం కనిపించేలా పెట్టి ఒకసారి పరీక్షించండి. ఎల్‌పీఎస్ గొట్టం గోడలకు అంటుకుంటుంది, తీసే ప్రతిసారీ గట్టిగా వోర్టెక్స్ చేయాలి (యంత్రంపై కుదపాలి). లాట్ (తయారీ బ్యాచ్) మారితే బలం మారుతుంది, ప్రయోగమంతా ఒకే లాట్ వాడండి. మన ఎండల్లో కరెంటు పోయి యానిమల్ హౌస్ వేడెక్కితే అవి మేత ఇంకా తగ్గిస్తాయి. కంట్రోల్ ఎలుకలను అదే గదిలో, అదే రోజుల్లో నడపాలి, ఇది మాత్రం వదలొద్దు.

అనంతపురం_ఫార్మా:
డీఏబీ (పెరాక్సిడేజ్ తగిలితే గోధుమరంగు తేలే రసాయనం) వేస్తే రక్తనాళాలు కూడా గోధుమరంగు తేలుతున్నాయి అన్నా.

కర్నూలు_న్యూరో:
రక్తం పూర్తిగా కడగలేదు. ఎర్రకణాల్లోని పెరాక్సిడేజ్ గుణమే ఆ రంగు. కుడి కర్ణిక కత్తిరించి, ఎడమ జఠరికలోంచి చల్లని పీబీఎస్ (ఉప్పు బఫర్ ద్రావణం) 20–30 మిల్లీలీటర్లు, కాలేయం పాలిపోయేదాకా పంపాలి. ముక్కులోంచి నీరు కారితే సూది దారి తప్పి ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతున్నట్టే, కొంచెం వెనక్కి లాగండి. ఆ తర్వాతే 4 శాతం పీఎఫ్ఏ (కణజాలాన్ని స్థిరపరిచే పారాఫార్మాల్డిహైడ్). సైటోకైన్ల (ఇన్‌ఫ్లమేషన్ సంకేత ప్రోటీన్ల) ఆర్‌ఎన్‌ఏ కావాలంటే పీబీఎస్ అయిపోగానే సగం మెదడు తీసి ఫ్రీజ్ చేసుకోండి, మిగతా సగాన్ని పీఎఫ్ఏలో ముంచండి. ఐబా-1 బయటినుంచి చేరిన మాక్రోఫేజ్‌లకూ పడుతుంది, పక్కన మైక్రోగ్లియాకే పట్టే టీమెమ్119 కూడా వేయండి. డోసు మార్చినా, ఎలుకల సంఖ్య పెంచినా ముందు ఐఏఈసీ (సంస్థ జంతు నైతిక కమిటీ) అనుమతి తీసుకోవాలి.