ఇన్సూరెన్స్ లేదని ఒకే రోజు రెండు చలాన్లు, రెండోది 4000
మాది కావలి. కారు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మే 11 అర్ధరాత్రితో అయిపోయింది, నేను చూసుకోలేదు. తప్పు నాదే. 14న ఒంగోలు వెళ్తుంటే ఉదయం 9:20కి సింగరాయకొండ దగ్గర ఆపి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 196 కింద 2000 రాశారు. మధ్యాహ్నమే ఫోన్‌లో కొత్త పాలసీ తీసుకున్నాను, కానీ అది అర్ధరాత్రి నుంచే అమల్లోకి వస్తుందని ఉంది. కారు అక్కడ వదిలేయలేక తిరిగొస్తుంటే 6:40కి మళ్లీ ఆపి, రెండోసారి కాబట్టి 4000 అన్నారు.

మొదటిది 15న కట్టేశాను. రెండోదానిపై పరివాహన్ సైట్‌లో ఫిర్యాదు పెట్టి 12 రోజులైంది, జవాబు లేదు. స్టేషన్‌లో అడిగితే కోర్టులో చూసుకోమన్నారు. ఆ సెక్షన్‌లో మూడు నెలల వరకు జైలు అని కూడా ఉండేసరికి ఇంట్లో అందరికీ టెన్షన్.

మొదటి చలాన్ ఇంకా తేలకముందే, అదే రోజు రాసినదాన్ని చట్టప్రకారం రెండో నేరంగా లెక్కించి 4000 వేయవచ్చా?