జాస్తి అంటే ఎక్కువా, అతియా?

మాది తిరుపతి. చిన్నప్పటి నుంచీ జాస్తి, కమ్మి (తక్కువ) అంటూనే పెరిగాను, ఇవి వేరే జిల్లాల వాళ్లకి వింతగా ఉంటాయని ఉద్యోగంలో చేరేదాకా తెలీదు. మొన్న భోజనాల దగ్గర "సాంబార్లో ఉప్పు జాస్తి అయినట్టుంది" అంటే కాకినాడ నుంచి వచ్చిన ఒకాయన నవ్వి, అది అరవ మాట కదండీ అన్నాడు. తమిళంలో, కన్నడలో ఉన్నమాట నిజమే, కానీ మరాఠీ జాస్త్, హిందీ జ్యాదా కూడా దీని చుట్టాలే, మూలం అరబ్బీ, కాబట్టి ఒక్క అరవం మీద తోసేస్తే ఎట్లా?

అసలు డౌటు అర్థం గురించి. ఉప్పు జాస్తి అంటే ఉండాల్సినదానికన్నా ఎక్కువని. "వాడికి నాకంటే జాస్తి పెట్టినావు" అని మా చిన్నోడు దోసె దగ్గర అలిగితే అది ఉత్త పోలిక. అదే మా అవ్వ "జాస్తి మాట్లాడొద్దురా" అందంటే హద్దు దాటావని, అక్కడ 'ఎక్కువ' పెడితే ఆ కోపం రాదు, 'అతి' కొంచెం దగ్గర.

పాప వ్యాసంలో జాస్తి రాస్తే టీచర్ ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. రాతలో ఇది తప్పేనా? నెల్లూరు, అనంతపురం వైపు కూడా మూడు అర్థాల్లోనూ వాడతారా? తెలిసినవాళ్లు చెప్పండి.