పొలిటికల్ యాక్షన్ కమిటీకి ఇచ్చిన చందా ఎవరికి చేరుతుంది?

ప్రశ్న (హనుమకొండ): గ్రీన్‌కార్డుతో డాలస్‌లో ఉంటున్న మా అన్నయ్యను అక్కడి పొలిటికల్ యాక్షన్ కమిటీ ఒకటి 5,000 డాలర్ల చందా అడిగిందట. అభ్యర్థికి నేరుగా ఇవ్వక మధ్యలో ఈ కమిటీ ఎందుకు? మన దగ్గర ఇలాంటివి ఉన్నాయా? తెలిసిన పెద్దలు వివరించగలరు.

జవాబు (కాజీపేట, విశ్రాంత అధ్యాపకుడు): అమ్మా, అమెరికాలో కంపెనీలు ఫెడరల్, అంటే జాతీయ స్థాయి, అభ్యర్థులకు డబ్బివ్వడాన్ని 1907లోనే నిషేధించారు. 1943లో కార్మిక సంఘాలకూ అడ్డుకట్ట పడగా, సీఐఓ అనే కార్మిక సంఘాల సమాఖ్య, సభ్యుల నుంచి విడిగా చందాలు పోగుచేసి అభ్యర్థులకు చేర్చేందుకు ఆ ఏడే తొలి కమిటీని పెట్టింది. సాధారణ కమిటీకి ఒక వ్యక్తి ఏడాదికి 5,000 డాలర్లకు మించి ఇవ్వరాదు. గ్రీన్‌కార్డు ఉన్నవారు ఇవ్వవచ్చు గానీ హెచ్1బి వీసాపై ఉన్నవారు ఇవ్వకూడదు. అభ్యర్థితో సంబంధం లేకుండా కంపెనీలు ప్రచారానికి ఎంతైనా ఖర్చు పెట్టవచ్చన్న 2010 నాటి సిటిజన్స్ యునైటెడ్ తీర్పు, అలాంటి ప్రచారమే చేసే కమిటీలకు చందా పరిమితి వద్దన్న స్పీచ్‌నౌ తీర్పుల తరువాత పుట్టిన సూపర్ ప్యాక్‌లు (ప్యాక్ అంటే ఈ కమిటీకే పొట్టి పేరు) మాత్రం ఎంతైనా తీసుకొని ఎంతైనా ఖర్చు పెట్టవచ్చు. అభ్యర్థికి డబ్బు రూపేణా ఇవ్వకూడదు, అతనితో కలిసి ప్రచార ప్రకటనలను రూపొందించకూడదు. ఈ షరతు చాలా బలహీనమని నా అభిప్రాయం, ఎందుకంటే అభ్యర్థి మనసు తెలిసిన పాత సహాయకులే వాటిని నడపడం అక్కడ మామూలే.

జవాబు (వరంగల్): 2023 శాసనసభ ఎన్నికల్లో నేను వ్యయ పరిశీలన బృందంలో పనిచేశాను. సభ వీడియోను ఆపి ఆపి చూస్తూ, కుర్చీలను వరుసల వారీగా లెక్కపెట్టి, జిల్లా ధరల పట్టిక ప్రకారం అభ్యర్థి ఖాతాలో రాసేవాళ్లం. అదే సభకు హెలికాప్టర్‌లో వచ్చిన స్టార్ క్యాంపెయినర్ ప్రయాణ ఖర్చు అభ్యర్థికున్న 40 లక్షల పరిమితిలోకి రాదు, ఎందుకంటే అది పార్టీది, పార్టీ ఖర్చుకు పరిమితే లేదు. కుర్చీలు లెక్కపెట్టిన మాకు ఇది ఎంతో బాధ కలిగించింది. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా అతని కోసం బయటివారు ఖర్చు చేయడం ఇక్కడ నేరం కనుక, సూపర్ ప్యాక్‌కు మన చట్టంలో చోటు లేదు. 2013 నుంచి ఉన్న ఎలక్టోరల్ ట్రస్టులు కంపెనీల విరాళాలను పార్టీలకు చేరుస్తాయి. దాతల పేర్లు దాచిన ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టివేసింది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు సార్. ఆ కమిటీ ఏ రకమో అన్నయ్య ఎక్కడ చూడాలి?

కాజీపేట అధ్యాపకుడు: వారి ఫెడరల్ ఎన్నికల కమిషన్ వెబ్‌సైట్‌లో కమిటీ పేరు వెతకమనండి. అది ఏ రకమో, ఏ అభ్యర్థులకు ఎంత ఇచ్చిందో, ఏడాదికి 200 డాలర్లకు మించి ఇచ్చిన దాతల పేర్లేమిటో అక్కడే ఉంటాయి. దాతల జాబితాలో మనుషుల పేర్లకు బదులు లాభాపేక్ష లేని సంస్థల పేర్లే ఎక్కువగా కనిపిస్తే, అసలు డబ్బు ఎవరిదో బయటికి రాదు కాబట్టి చందా ఇవ్వవద్దని చెప్పండి.