ఇంట్ల జియోఫోన్ (భూమి అదురును పట్టే మిషన్) పెట్టుకొని భూకంపం గ్రాఫులు గ్రూపుల పెట్టుడు కరెక్టేనా?

హన్మకొండ_గ్రాఫ్: మొన్న నేను పెట్టిన గ్రాఫ్ అడ్మిన్ తీసేసిండు, జనం భయపడతరట. మిషన్‌ల ముందుగాల సన్న గీతలొస్తయ్, అది పీ వేవ్, అంటే జోరుగ వచ్చే అల, ఎనుక పెద్ద దెబ్బ, అది ఎస్ వేవ్, మెల్లగ వచ్చే అల. ఆ రెండిటి నడుమ సెకన్లను 8 తోని గుణిస్తే దూరం ఇంచుమించు కిలోమీటర్లల్ల వస్తది. ఇది జోస్యం కాదు, అయినదాన్ని రాసుకునుడు. ఇందుల తప్పేంది?

భౌతికం_సారు: తప్పున్నది తమ్మీ. ఒక్క మిషన్‌తోని ఆ లెక్కల దూరమే వస్తది, జాగ తెల్వాలంటే మూడు స్టేషన్లన్న కావాలె. నువ్వు దూరం ఏసి కింద "మేడారం దిక్కేనా?" అని రాస్తివి. 2025 ఏప్రిల్‌ల రామగుండంల పెద్ద భూకంపం వస్తదని మెసేజ్ తిరిగితే మా బిడ్డ, బాలింత, పసిపిల్లను పట్టుకొని రాత్రంత వాకిట్లనే ఉన్నది. దానికి జవాబు ఎవరు చెప్తరు?

గోదారిఖని_పోరడు: మే 5న వచ్చింది కద సార్, 3.8. చెప్పింది అయినట్టే

భౌతికం_సారు: ఎట్లయినట్టు? రామగుండం అన్నరు, వచ్చింది ఆసిఫాబాద్ దిక్కు. పెద్దది అన్నరు, 2024 డిసెంబర్ 4న ములుగు దిక్కు వచ్చిన 5.3తోని చూస్తే దీని శక్తి సుమారు 180 రెట్లు తక్కువ. గోదావరి లోయ కింద పాత ఫాల్టులు, అంటే భూమి లోపటి పగుళ్లు, ఉన్నయ్, 1969ల భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది, ఈడ ఎప్పుడో ఒకటి వస్తదని ఎవరైనా అంటరు.

తాడ్వాయి_అడవి: 2024 ఆగస్టు 31న మా దగ్గర వేల చెట్లు కూలినప్పుడే అనుకున్నం భూమిల ఏదో ఉన్నదని

భౌతికం_సారు: అది గాలి.

హన్మకొండ_గ్రాఫ్: నేను జోస్యం ఎక్కడ చెప్పిన్నో చూపియ్యుండ్రి సార్. ఎవడో పెట్టిన మెసేజ్ తెచ్చి నా నెత్తిన రుద్దుతరేంది?

భౌతికం_సారు: అసలు నిన్ను రాయమన్నదెవరు? భూకంపాలను కొలిచే సర్కారు సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉన్నది, వాళ్లు చెప్తరు!

హన్మకొండ_గ్రాఫ్: మా అమ్మోళ్ల ఊరు ఓపెన్‌కాస్ట్ గని పక్కన. బ్లాస్టింగ్ కొడితే అల్మారల గిన్నెలు గల్లుమంటయ్. దర్వాజ మూలకెల్లి స్లాబు దాకా గోడ పగిలింది, వేలు దూరుతది. నష్టపరిహారం అడుగవోతే "డిసెంబర్ భూకంపానికి పగిలింది" అని రాసి పంపిండ్రు, ఆ పగులు అంతకు ముందు దసరా ఫోటోలనే ఉన్నది! అందుకే కొన్న ఈ మిషన్. ఏది బ్లాస్టో ఏది భూకంపమో వాళ్లే చెప్తే, మా గోడ సంగతి ఎవరు చెప్తరు?

భౌతికం_సారు: ఇది మొదలే చెప్పాలె కద. గోడ కోసమైతే ఆ ఊర్ల పెట్టు, టైమ్ జీపీఎస్‌తోని సెట్ చెయ్యి, బ్లాస్టింగ్ టైములతోని కలిపి ఆఫీసుల ఇయ్యి. గ్రూపుల మాత్రం వద్దు.

హన్మకొండ_గ్రాఫ్: ఫోటోలన్ని పెట్టి ఇచ్చిన సార్, ఇన్‌వర్డ్ నంబర్ తప్ప ఏం రాలే. గ్రూపుల పెడితే నలుగురన్న చూస్తరు.

భౌతికం_సారు: చూసినోళ్లే పిల్లలతోని బయట పండుకుంటరు. నేను ఒప్పుకోను.

భూపాలపల్లి_77: అన్నా మీ అమ్మోళ్లది ఏ ఊరు? మా ఇల్లు గూడ పగిలింది. మూడు మిషన్లు కావాలంటే ఒకటి నేను పెట్టుకుంట, ఎంతైతది?